షరతు ఉంటేనే పాస్

మంగళగిరి ఆఫీసులో నా పని, బయటి కంపెనీల దగ్గర కొన్న చిప్ డిజైన్లలో దొంగదారులు లేవని గణితంతో రుజువు చెయ్యడం. ఈసారి వచ్చిన డిజైనుకు అమ్మినవాళ్లే ఒక షరతు పెట్టారు: ఫలానా సిగ్నల్ ఎప్పటికీ రాదనుకుని పరీక్షించాలి. షరతు ఉంటే పాస్, తీసేస్తే ఫెయిల్. ఇదేం రుజువు, నా మొహం!

"ఆ సిగ్నల్ వస్తే?" అనడిగాను.

"రాదని వాళ్లే చెప్తున్నారు కదండీ. షరతు ఉంచి సంతకం పెట్టెయ్యండి," అన్నారు మేనేజరు గారు. ఇంకో డిజైను కొనే టైము లేదట.

పొదిలి దగ్గర మా ఊళ్లో విత్తనాల కొట్టు ఒక్కటే. "వాన పడి, తెగులు రాకపోతే కాపుకు నాదీ పూచీ," అనేవాడు కొట్టతను. నాన్న తిట్టుకుంటూనే ఆ మిరప విత్తనాలే తెచ్చేవాడు. అది చూసి ఒళ్లు మండబట్టే నేను చదువుకున్నాను.

తిట్టుకుంటూనే సంతకం పెట్టాను.