సరోజన కారు, శుక్రవారం పూలు

మా పెద్దమ్మ సరోజన కారు నేర్చుకుంటానన్నప్పుడు జనగామలో ఉన్న మా చుట్టాలంతా నవ్వారు. అప్పటికి ఆమె ఇంటికి కోడలిని తెచ్చుకున్న మనిషి. నవ్వినవాళ్ళలో సగం మందికి ఇప్పటికీ స్కూటర్ కూడా సరిగ్గా రాదు, ఆ సంగతి వేరు. పెద్దమ్మ మరునాడే స్టీరింగు పట్టింది. గేటును ఒకసారి, గోడను ఒకసారి గుద్ది, నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, సెకండ్ హ్యాండ్ కారొకటి కొనిపించుకుంది.

షోకుకు కాదు. పెద్దమ్మ భర్త, మా పెద్దబాపు సుదర్శన్‌కు బజార్లో హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉంది. పెద్దమ్మకు సొంతంగా అప్పడాల పని ఉంది. మేడ మీద ఎండబెట్టి, ప్యాకెట్లు కట్టి, ఇటు కొడకండ్ల, కురవి, మహబూబాబాద్, అటు రేగొండ దాకా దుకాణాలకు వేస్తుంది. ఇదివరకు బస్సుకు వేసి పంపితే సగం ముక్కలై చేరేవి. కారొచ్చాక ఒక్క అప్పడం విరగలేదు. సోమవారం వస్తానంటే సోమవారమే వచ్చే మనిషని దుకాణాల్లో ఆమెకు పేరొచ్చింది. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

పెద్దబాపుకు మాత్రం భయం. రేగొండ రోడ్డు మీద బొగ్గు లారీలు ఎట్లా పోతాయో ఆయనకు తెలుసు. అందుకే కారు కొన్న రోజే కురవి వీరభద్రస్వామి గుడికి తీసుకుపోయి పూజ చేయించాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, కారుకు పసుపు కుంకుమ పెట్టి, ముందు అద్దం కింద బంతిపూలు పేర్చి, అక్షింతలు చల్లి, అగరుబత్తి గుచ్చి దండం పెడతాడు. పెద్దమ్మ తాళం చెవి తీసుకుంటే చాలు, "ఇయ్యాల పోకుంటె కాదా?" అంటాడు. అది ఆయన రోజూ అనే మాటే కాబట్టి ఆమె వినిపించుకోకుండా బండి తీస్తుంది.

పోయిన వానాకాలం ఆ కార్లోకి నీళ్ళు రావడం మొదలైంది. ముందు సీటు దగ్గర, ఎడమ పక్క, కాళ్ళు పెట్టుకునే చోట పట్టా కింద మడుగు కట్టేది. పిండేసి ఎండబెడితే మళ్ళీ వానకు మళ్ళీ మడుగే. రెండు వానలు పడేసరికి తలుపు తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. అప్పడానికీ చెమ్మకూ అస్సలు పడదు. మహబూబాబాద్ దుకాణదారు ఒక సంచి మొత్తం వాపసు ఇచ్చాడు. మెత్తబడ్డాయనీ, వాసనొస్తున్నాయనీ, ఇంకోసారి ఇట్లా అయితే వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటాననీ మర్యాదగానే చెప్పాడు. ఆ సంచి వెనక సీట్లో పెట్టుకుని పెద్దమ్మ బండిని ఇంటికి తిప్పింది. తోడొచ్చి పక్కన కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు, కోపమొచ్చింది.

ఒక మెకానిక్ అద్దం చుట్టూ గమ్ము వేశాడు. ఇంకొకాయన ఏసీ పైపు ఊది శుభ్రం చేశాడు. వాన పడింది, మడుగు కట్టింది. ఇక పెద్దబాపు పట్టు పట్టాడు. ఇది వరదలో మునిగిన బండి అయి ఉంటుందనీ, మనకు అంటగట్టారనీ, ఇంట్లో ఉంటే అరిష్టమనీ అన్నాడు. కొనేవాళ్ళను కూడా ఆయనే చూశాడు. ఆదివారం వస్తారన్నాడు. కారు పోతే అప్పడాలూ పోతాయి, మళ్ళీ బస్సే, మళ్ళీ ముక్కలే. ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. అందులో ఆయనకు కొంచెం నిమ్మళం కూడా ఉందని నాకు అనిపించి ఒళ్ళు మండింది.

శనివారం పొద్దున పెద్దమ్మ కొంగు దోపుకుని మేడ మీది నీళ్ళ పైపు కిందికి దించింది.

"కారు చేసినోళ్ళకు వాన పడ్తదని తెల్వదా సుష్మితా? నీళ్ళు పోయేటందుకు ఏడనో ఒకాడ తొవ్వ పెట్టే ఉంటరు. గా తొవ్వ మూసుకపోయింది. ఏడున్నదో ఇయ్యాల పట్టాలె" అంది.

నాకు లైటిచ్చి కార్లో ఎడమ సీట్లో కూర్చోబెట్టి, తలుపులు మూయించింది. ముందు టాప్ మీద మాత్రమే నీళ్ళు పట్టింది. లోపల పొడిగానే ఉంది. తర్వాత తలుపు మీద పట్టింది. అప్పుడూ పొడిగానే ఉంది. ఇక ముందు అద్దం కింద, వైపర్లు ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ మీద పట్టింది. కుడి మూల పోసిన నీళ్ళు చక్రం వెనక నుంచి జలజలా కింద పడ్డాయి. ఎడమ మూల పోసినవి ఎక్కడా పడలేదు. కాసేపటికి నా కాళ్ళ మీద చల్లగా తగిలింది. నేను అరిచాను. పెద్దమ్మ నవ్వింది, ఆ వానాకాలంలో మొదటిసారి.

మేడ మీద నీళ్ళు పోయే తూము దగ్గర ఆకులు చేరితే గోడ చెమ్మగిల్లుతుంది. అప్పడాలు ఎండబెట్టే మనిషి కాబట్టి ఆ తూమును రోజూ చేత్తో చూసుకుంటుంది. కారుకూ అట్లాంటి తూమే ఉందని ఇన్నాళ్ళూ తోచనందుకు తనను తానే తిట్టుకుంటూ స్క్రూలు విప్పి ఆ జాలీ పైకెత్తింది.

ఎడమ మూల నల్లటి బురద ఉంది. అందులో కుళ్ళిన బంతిపూలు, బూజు పట్టిన బియ్యం, గట్టిపడ్డ కుంకుమ, అగరుబత్తి పుల్లలు. వాటి నడుమ రెండాకులేసిన బంతి మొలక పచ్చగా నిలబడి ఉంది.

మా ఇంటి గడప వైపు ఉండేది కారు ఎడమ పక్కే. పెద్దబాపు నిలబడి పూలు పెట్టేదీ అక్కడే.

పెద్దమ్మ వేళ్ళతో బురద తోడేసింది. నేను ఇనుప తీగ పెడదామంటే లోపలి రబ్బరు గొట్టం చిరుగుతుందని వద్దంది. పాత బ్రష్షుతో, చీపురు పుల్లతో మెల్లగా తీసింది. చెంబుడు నీళ్ళు పోస్తే ఎడమ చక్రం వెనక నుంచి ధారగా పడ్డాయి. నమ్మకం కుదిరేదాకా పోస్తూనే ఉంది.

బండిని అరిష్టమన్న మనిషిని ఆ బురద చూపించి కడిగేద్దామని నేను లేచాను. పెద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"గట్ల అనకు. ఆయన గా పూలు పెట్టేది కారుకు కాదు, నాకు."

అట్లాగని దాచనూ లేదు. దాస్తే వచ్చే శుక్రవారం మళ్ళీ అదే కథ. బురదంతా ఒక పళ్ళెంలో వేసి, అన్నానికొచ్చిన పెద్దబాపు ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన వేలితో ఒక కుళ్ళిన పువ్వును కదిపి చూశాడు.

"గివన్ని నా పూలేనా?"

"మీయే."

"అంటే లోపటికి నీళ్ళు తెచ్చింది నేనేనా?"

"పూలు బందు చెయ్యమంట లేను. అద్దం కింద పెట్టకుండ్రి. బండి మాత్రం అమ్మేది లేదు" అంది పెద్దమ్మ, గొంతు పెంచకుండానే.

ఆదివారం కొనడానికొచ్చిన వాళ్ళకు పెద్దబాపు చాయ్ తాగించి, క్షమించమని పంపేశాడు. సోమవారం దారంతా వాన. మహబూబాబాద్ చేరేదాకా నా కాళ్ళ కింద పట్టాను తడిమి చూస్తూనే ఉన్నాను. పొడిగా ఉంది. దుకాణదారు ప్యాకెట్ విప్పి, ఒక అప్పడం తీసి విరిచాడు. ఫట్‌మంది. సంచి లోపలికి తీసుకున్నాడు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడొచ్చాయి ఆమెకు కన్నీళ్ళు.

పెద్దబాపు పూజ ఆగలేదు. ఇప్పుడు ఒక్కటే బంతిపువ్వు, అది స్టీరింగు దగ్గర పెడతాడు. తర్వాత అద్దం కింద రెండు మూలలా రాలిన ఆకూ అలమూ వేళ్ళతో ఏరేస్తాడు. చెంబుతో నీళ్ళు పోసి, మోకాళ్ళ నొప్పులున్నా గొంతుకూర్చుని, చక్రాల వెనక నీళ్ళు పడేదాకా చూస్తాడు. పడ్డాక కారు పట్టుకుని మెల్లగా లేస్తాడు. పెద్దమ్మ చేతికి తాళం చెవి తనే ఇచ్చి, "పోయి రా" అంటాడు.