లెవీ పాట రెండో సగం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక పాత మేడ ఉంది. కింద జిరాక్స్ దుకాణం, దాని మీద బుచ్చిబాబు గారి కంప్యూటర్ కోచింగ్ సెంటర్, అన్నిటికన్నా పైన రెండు గదుల వాటాలో లెవీ, అతని భార్య నవోమి. లెవీ గిటార్ వాయిస్తాడు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "సినిమాలకా?" అని అడుగుతారు. "కాదు, నా పాటలు నేనే కట్టుకుంట, నేనే వాయించుకుంట, నేనే రికార్డు చేసుకుంట" అంటాడు. వాళ్ళు "ఓహో" అని, "మరి ఉద్యోగం?" అంటారు.

ఉద్యోగం నవోమిది. పంజాగుట్టలో చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తుంది. మనిషిని గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపిస్తుంది. వినబడినప్పుడల్లా వాళ్ళు వేలు ఎత్తాలి. "నీ ఆడియన్స్ కన్నా నా పేషెంట్లు నయం. జరంత సప్పుడుకు సుత చెవులు రిక్కించి వింటరు" అని మొగుణ్ణి ఏడిపిస్తుంటుంది.

లెవీ చేతికి గిటార్ ఇచ్చింది తండ్రి శాంతిరాజు. పంజాగుట్టలో వాళ్ళు వెళ్ళే చర్చిలో ఆయన పాటల బృందానికి పెద్ద. ఒక క్రిస్మస్‌కి కుర్రతనం కొద్దీ లెవీ స్పీకర్ మోత పెంచేస్తే, ఆయన పాట మధ్యలోనే పక్కకు వంగి, "దేవునికి చెవుడు లేదురా, జర తగ్గించు" అన్నాడు. తగ్గించాడు. తగ్గించేసరికి ఒక్కో తీగ విడివిడిగా వినబడింది. వేలు తీగ మీద జారే చప్పుడు కూడా వినబడింది. ఆ రోజు నుంచి అతనికి మెల్లగా వాయించడం మీదే మోజు. హైదరాబాద్‌లో ఉంటూ ఇలాంటి మోజు పెట్టుకోవడం కొంచెం ఇబ్బందే.

ఇబ్బంది ఎలాంటిదంటే, బేగంపేటలో ఒక హోటల్ వాళ్ళు సాయంత్రాలు లాబీలో వాయించమన్నారు. రెండో వారం మేనేజరు వచ్చి, "సార్, గెస్టులకు వాళ్ళ స్పూన్ల సప్పుడు వాళ్ళకు వినిపించాలె, గట్ల వాయించండి" అన్నాడు. లెవీ అలాగే వాయించాడు. నాలుగో వారానికి అతను వచ్చాడో లేదో కూడా ఎవరికీ తెలియలేదు. తర్వాత ఒక సినిమా పాటలో చిన్న బిట్ వాయించే పని వచ్చింది. సినిమా విడుదలైన రోజు తండ్రినీ నవోమినీ వెంటబెట్టుకుని హాలుకు వెళ్ళాడు. సరిగ్గా తన బిట్ వచ్చే చోట హీరో మోటార్ సైకిల్ మీద దూసుకొచ్చాడు. బయటికొచ్చాక శాంతిరాజు కొడుకు భుజం తట్టి, "బైకు మస్తు వాయించినవ్ రా" అన్నాడు.

లక్డీకాపూల్‌లో పాటల కంపెనీ ఒకటి నడుపుతున్న వివేక్ అనే అతని దగ్గరికి కూడా లెవీ వెళ్ళాడు. వివేక్ కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.

"సూపర్ బ్రో. పాడేది ఎవరు?"

"ఎవరు లేరన్న. గిటార్ ఒక్కటే."

"అట్లయితే ఇది పాట కాదు బ్రో. పాట స్టార్ట్ అయ్యేదానికి ముందు వస్తది చూడు, గది."

లెవీ ఇంటికొచ్చి ఈ మాట చెబితే నవోమి పడీ పడీ నవ్వింది. తర్వాత అన్నం వడ్డిస్తూ, "గా మనిషిని నా దగ్గరికి తోలు. ఫ్రీగ టెస్టు చేస్త" అంది.

ఆ ఏడు వానాకాలంలో లెవీ ఒక పాట కట్టాడు. పేరు 'వాన వెలిసినంక'. మొదటి సగం హుషారుగా ఉంటుంది. వాన ఆగాక మెట్రో పట్టాల కింది నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కార్ల మీద పడుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తర్వాత చిన్న ఆగుడు. ఆ తర్వాత పాట నెమ్మదించి ఇంకో దారి పడుతుంది. నిజానికి లెవీకి ముందు తట్టింది ఆ రెండో సగమే. అక్కడికి వినేవాళ్ళను చేర్చడానికి మొదటి సగం కట్టాడు. కింద కోచింగ్ క్లాసులు భోజనానికి ఆగే వేళ చూసుకుని, కిటికీకి పరుపు అడ్డం పెట్టి, పడక గదిలోనే రికార్డు చేసి నెట్‌లో పెట్టాడు. నవోమి విన్నది, తండ్రి విన్నాడు, చిలీ దేశంలో ఎవరో విన్నారు. ఆ చిలీ మనిషి రోజూ వినేవాడు. ఎవరో, ఎందుకో తెలియదు గానీ లెవీకి ఆ దేశం మీద అభిమానం పుట్టింది.

ఒక రోజు లెవీ స్పీకర్ భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే బుచ్చిబాబు ఎదురొచ్చాడు. ఆయనది అమలాపురం. మాట మెత్తన, అవసరం గట్టిది.

"లెవీ గారూ, మీ మ్యూజిక్కు ఒకటి మా ఆఫీసు ఫోనుకి ఇవ్వకూడదేంటండీ? ఫోన్ చేసినవాళ్ళు లైన్లో ఆగుతారు కదా, ఆ కాసేపూ మరీ బోసిగా ఉంటుందండి."

భుజం మీద బరువు దిగితే చాలనుకున్న లెవీ, "తీస్కోండి సార్, దానికేంది" అని పాట పంపించేసి, ఆ సంగతి మరిచిపోయాడు.

కొన్నాళ్ళకు టీ బండి దగ్గర నిలబడి ఉండగా పక్కనున్న కుర్రాడు ఈల వేశాడు. లెవీ టీ గ్లాసు బండి మీద పెట్టేసి విన్నాడు. అది తన పాట! ముక్కూ మొహం తెలియని మనిషి తన పాటను ఈల వేయడం అతను పుట్టాక అదే మొదటిసారి. "గదేం పాట తమ్మీ?" అని ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"పాట కాదన్న. గది హోల్డ్ మ్యూజిక్. జావా కోచింగ్‌కి ఫోన్ కొడితే వస్తది."

ఆరా తీస్తే, బుచ్చిబాబు దగ్గర విని పక్క సెంటర్లు కూడా పెట్టుకున్నాయని తెలిసింది. అమీర్‌పేటలో ఎవరు ఏ కోర్సు కోసం ఫోన్ చేసినా లెవీ పాట వింటూ ఆగాల్సిందే. నవోమి దగ్గరికి పరీక్షకు వచ్చిన ఒక కుర్రాడైతే ఖాళీగా ఉన్నప్పుడు కూడా అదే చెవిలో మోగుతోందని, ఇదేమైనా జబ్బా అని అడిగాడట.

అలాంటి రోజుల్లో పంజాగుట్టలోని ఒక కాఫీ హోటల్‌లో లెవీకి కచేరీ కుదిరింది. శనివారం సాయంత్రం. నిండా కుర్రకారు. రెండు పాటలయ్యాక 'వాన వెలిసినంక' మొదలుపెట్టాడు. మూడు నాలుగు తీగలు పలికాయో లేదో, వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకో బల్ల అందుకుంది. ఒక అబ్బాయి ఆడగొంతు పెట్టి, "మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి లైన్లో ఉండండి" అన్నాడు. హోటలంతా గొల్లుమంది. కాఫీలు తెచ్చే అబ్బాయి కూడా ట్రే కింద పెట్టి మరీ నవ్వాడు. అయినా లెవీ ఆపలేదు. మొదటి సగం ముగించి, చిన్నగా ఆగి, రెండో సగంలోకి వెళ్ళాడు. నవ్వులు ఆగిపోయాయి గానీ, అందరి మొహాల్లో ఏదో అనుమానం. ఒకరినొకరు చూసుకున్నారు. పాట అయ్యాక చప్పట్లు కొట్టాలో వద్దో తేలక కొందరు ఒక చప్పట కొట్టి ఊరుకున్నారు.

గిటార్ సంచిలో పెడుతుండగా ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది. పేరు హైందవి. కాకినాడ నుంచి వచ్చి కోర్సు చేస్తోంది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యా. చాలా బాగా వాయించారు గానీ, అది సగం నుంచి తప్పు వెళ్ళిపోయింది."

"తప్పా?"

"అవునండి. అక్కడ మళ్ళీ మొదటికి రావాలి. నాకు బాగా గుర్తు. సర్టిఫికెట్ కోసం రోజూ ఫోన్ చేసి వినేదాన్ని."

"అమ్మా, గా పాట కట్టిందే నేను" అన్నాడు. ఆ అమ్మాయి నమ్మలేదు. అలాంటివి ఫోన్‌తోపాటే వస్తాయని ఆమె అనుకుంటోంది. లెవీ సంచి తీసి, కుర్చీలోనే కూర్చుని, స్పీకర్ లేకుండా రెండో సగం ఒక్కటీ వాయించాడు. హైందవి ముందు నిలబడి విన్నది, తర్వాత ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంత బాగుంటుందని తెలిస్తే" అంది చివరికి, "వాళ్ళు ఫోన్ ఎత్తకుండా ఉంటే బాగుండునని కోరుకునేదాన్ని."

ఇంటికొచ్చేటప్పుడు లెవీతో కోపం, సంతోషం రెండూ కలిసి నడిచాయి. సోమవారం పొద్దున్నే కోపాన్ని ముందు పెట్టుకుని బుచ్చిబాబు గదిలోకి వెళ్ళాడు.

"సార్, నా పాటను సగంల కోసేసిన్రు."

"అయ్యో, మేం కొయ్యలేదండి. మెషీనుకి పట్టినంతే పట్టింది. మిగతాది బయట ఉండిపోయింది."

"మిగిలింది సుత పెట్టండి."

"పెడితే ఏమవుద్దో తెలుసాండీ? అంతసేపు లైన్లో పెట్టారా అని నామీద పడతారు." బుచ్చిబాబు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అయినా ఒక విషయం చెప్పాలండి. మా రిసెప్షన్ అమ్మాయి ఫోన్ ఎత్తితే కొందరు 'ఆగండాగండి, పాట కానివ్వండి' అంటున్నారట. వేళాకోళం అనుకున్నాను. ఆ రెండో సగం ఏంటో ఓసారి వినిపించండి, చూద్దాం."

లెవీ పైకి వెళ్ళి గిటార్ తెచ్చి అక్కడే వాయించాడు. మధ్యలో బుచ్చిబాబు సెల్ మోగితే చూడకుండానే నొక్కేశాడు. అయ్యాక బల్ల మీదున్న పెన్నుల డబ్బా సర్దాడు.

"ఇది ఫోన్లో పెట్టేది కాదండి" అన్నాడు. "ఆదివారం సాయంత్రం పెద్ద క్లాస్‌రూమ్ ఖాళీయే. మనుషుల్ని కూర్చోబెట్టి వినిపించండి. పిలిచే పని నాది."

బుచ్చిబాబుకు తెలిసిన పిలుపు ఒకటే. మర్నాటికి మెట్ల దగ్గర గోడకు పసుపుపచ్చ పోస్టరు వెలిసింది: 'ఉచిత డెమో! హోల్డ్ మ్యూజిక్ పూర్తి కోర్సు. రెండో సగం కూడా నేర్... ' అని సగం చదివేసరికే లెవీ తల పట్టుకున్నాడు. కింద ఇంకా పెద్ద అక్షరాల్లో 'ఫ్యాకల్టీ: లెవీ సార్, రియల్ టైమ్ ఎక్స్‌పీరియన్స్' అని ఉంది. శాంతిరాజు మాత్రం ఆ పోస్టరు ముందు నిలబడి ఫోటో దిగాడు.

ఆదివారం చర్చి అయ్యాక శాంతిరాజు, నవోమి, లెవీ ముగ్గురూ కలిసి క్లాస్‌రూమ్‌లో బెంచీలు సర్దారు. తెల్లబోర్డు మీద ఎవరో చెరపొద్దని రాసి మరీ వదిలేసిన ప్రోగ్రామ్ ఉంది. చెరపలేదు. ఏసీ మాత్రం ఒకటే ఝూమని మోగుతోంది. ఆపితే ఉక్క, ఆపకపోతే రొద. లెవీ కాసేపు దాని ముందు నిలబడి విన్నాడు. తర్వాత గిటార్ తీసి లావు తీగను కొంచెం కొంచెంగా దించి, ఏసీ పలికే శ్రుతికే కలిపేశాడు. అప్పటిదాకా రొదగా ఉన్నది తంబూరా మీటినట్టు పాటలోకి వచ్చి చేరింది. నవోమి ఆఖరి బెంచీ దాకా నడిచి వెళ్ళి, "మంచిగ వినొస్తుంది. స్పీకర్ ఏం వద్దు" అని తేల్చేసింది.

హైందవి హాస్టల్ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. క్లాస్‌రూమ్ నిండిపోయింది. అలవాటు కొద్దీ కొందరు నోట్‌బుక్కులు తెరిచి, తారీఖు వేసి కూర్చున్నారు. మొదటి సగం వాయిస్తుంటే ఊహించినట్టే నవ్వులు, "లైన్లో ఉండండి" అన్న కేకలు. ఈసారి లెవీ కూడా నవ్వాడు. నవ్వుతూనే వాయించాడు. ఆగుడు దగ్గరికి వచ్చేసరికి గది మొత్తం చప్పున సద్దుమణిగింది. వాళ్ళు వచ్చింది ఇక్కణ్ణుంచి వినడానికి మరి. ఇన్నాళ్ళూ ఆ చోట పాట మళ్ళీ మొదటికి పోయేది, లేదంటే ఎవరో ఒకరు ఫోన్ ఎత్తి, పేరేంటి, ఏ కోర్సు అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. రెండో సగం తాపీగా, తనకు కావలసినంత సేపు తీసుకుని నడిచింది. లెవీ ఒకసారి తల ఎత్తి చూస్తే, తారీఖు వేసినవాళ్ళెవరూ ఇంకేం రాయలేదు. హోటల్ లాబీలో తప్పిపోయింది ఇదే కదా అనిపించింది అతనికి. మెల్లగా వాయించినందువల్ల వినబడకపోవడం కాదు, వినడానికి వచ్చినవాళ్ళు లేకపోవడం.

చప్పట్లు అయ్యాక బుచ్చిబాబు లేచి, అలవాటుగా "డౌట్లుంటే అడగండి" అన్నాడు. ఒక కుర్రాడు చెయ్యెత్తాడు.

"సార్, దీనికి స్కోప్ ఎట్లుంటది?"

అందరూ నవ్వారు గానీ, ఆ అబ్బాయి నిజంగానే అడిగాడు. లెవీ కూడా నిజంగానే ఆలోచించాడు.

"స్కోప్ గురించి నాకు తెల్వదు తమ్మీ. కంపెనీలోళ్ళకు సుత తెల్వదు, తెలిసినట్టు మాట్లాడతరు, గంతే. ఒకాయన నాది పాటే కాదన్నడు. ఇంకోచోట బైకు కింద పడ్డది. గిక్కడ ఫోన్ల దూరింది. ఏడికి పోతదో మనం చెప్పలేం. మంచిగ కట్టి వదిలిపెట్టాలె. జర ఓపిక పట్టాలె."

"ఎన్ని నెలలు సార్?"

"గది చెప్పే ఫ్యాకల్టీ ఇంక దొరకలే."

అందరికన్నా ముందు గట్టిగా నవ్వింది శాంతిరాజు.

ఇప్పుడు నెలకో ఆదివారం బుచ్చిబాబు క్లాస్‌రూమ్‌లో లెవీ కచేరీ జరుగుతోంది. అమీర్‌పేటలో బ్యాచ్‌లు మారుతూనే ఉంటాయి కనక, ప్రతిసారీ కొత్త మొహాలే. ప్రతిసారీ తానెవరో మొదటి నుంచి చెప్పుకోవాలి. అది అతనికి కష్టంగా లేదు. హైందవికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. వీలైనప్పుడు వచ్చి ముందు బెంచీలో కూర్చుంటుంది.

ఈ మధ్య లెవీ ఇంకో పని పెట్టుకున్నాడు. ఎవరు ఏ మెషీన్‌లో పెట్టినా కోత పడకుండా, మొదలూ చివరా ఉన్న చిన్న పాట కట్టాలని. చిన్నది కట్టడమే కష్టమని అతనికి అప్పుడు తెలిసింది. వారాల తరబడి కడుతూ చెరుపుతూ ఉన్నాడు. మొన్న ఒక మధ్యాహ్నం నవోమి బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని వాయించి వినిపించాడు.

"ఇంక ఉన్నదా?" అంది నవోమి, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని.

"లేదు. అయిపోయింది."

ఆమె ఆ చొక్కా పక్కన పెట్టి, మంచం మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంది.

"అట్లయితే ఇంకోసారి వాయించు" అంది.