ఆనందకుమార్ ఎనిమిది శనివారాలు

మా ఆనందకుమార్ ఇరవై రెండేళ్లు సినిమాల్లో పనిచేసి డైరెక్టర్ కాలేకపోయాడు. ఈ మాట వాడి మొహం మీదే అంటుంటాను, కాబట్టి ఇక్కడ రాయడంలో తప్పులేదు. గుడివాడ నుంచి వచ్చినవాడు కోడైరెక్టర్ దగ్గర ఆగిపోయాడు. నేను డైలాగ్ రైటర్ల దగ్గర అసిస్టెంటుగా ఆగిపోయాను, అది వేరే కథ. వాడి పనితనమంతా జనంతో. పెళ్లి సీనుకు మూడు వందల మందిని దింపితే, మైకు పట్టుకుని ఎవరు ఎటు నడవాలో, ఎవరు ఎప్పుడు నవ్వాలో అరగంటలో చెప్పేసేవాడు. తెర మీద జనాన్ని చూసి ఈలలు వేసేవాళ్లు ఎవరుంటారు? వాడి పేరు ఎప్పుడూ సినిమా అయిపోయి, హాల్లో జనం సగం లేచి వెళ్లిపోయాక పడేది.

2004లో వాడికి యాభై నిండాయి, చేతిలో సినిమా లేదు. శ్రీనగర్ కాలనీలో మా పక్క వాటాలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉండేవాడు. అప్పుడే చర్చిలో తెలిసిన తబిత అనే అమ్మాయి వాడికి ఒక పని తెచ్చింది. ఆమె మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. ఫిల్మ్‌నగర్ బస్తీలో తొమ్మిది, పది చదివే పిల్లలకు నాయకత్వం నేర్పాలని ఆ కంపెనీ వాళ్లకు బుద్ధి పుట్టింది. ఒకసారి నేర్పి చూశారు కూడా. ఇద్దరు ట్రైనర్లు ల్యాప్‌టాప్‌తో వచ్చి, నాయకుడంటే ముందుకొచ్చేవాడు, ఎవరొస్తారు అని అడిగితే నలభై మందిలో ఒక్కరూ కదల్లేదట. పిల్లలకు ఆత్మవిశ్వాసం లేదని రాసుకుని వెళ్లిపోయారు.

ఎనిమిది శనివారాల శిక్షణ తయారుచేసి నడపండి అని తబిత ఆనందకుమార్‌ను అడిగింది. ఆఖరి శనివారం కంపెనీ పెద్దలు వచ్చి చూస్తారు. వాళ్లకు నచ్చితే మరుసటి ఏడాది నగరంలో మిగతా బస్తీల్లోనూ పెడతారు, పాఠాలన్నీ పుస్తకంగా వేస్తారు, అట్ట మీద ఆనందకుమార్ పేరు ఉంటుంది. ఆ చివరి మాటకు మావాడు పడిపోయాడు. అట్ట మీద నా పేరురా అని ఒక్క సాయంత్రంలో నాకు నాలుగుసార్లు చెప్పాడు.

పిల్లలు ఎందుకు ముందుకు రాలేదో వాడికి తెలుసు. ల్యాప్‌టాప్ బాబులకు ఏడు జన్మలెత్తినా తెలియదు. ఆ పిల్లల తల్లులు చాలామంది జూనియర్ ఆర్టిస్టులు, గుంపులో నిలబడేవాళ్లు. పెళ్లి సీన్లో ఒకామె మొహం స్పష్టంగా పడిందంటే, అదే సినిమాలో ఆస్పత్రి సీనుకు ఆమెను వాడుకోరు. చూసేవాళ్లు గుర్తుపడతారు మరి. ఏజెంటు మళ్లీ పిలవడు. అందుకే ఎవరో ఒకరి భుజం వెనక నిలబడడం వాళ్లకు పనిలో మొదటి పాఠం. ఇంటికొచ్చాక పిల్లలకూ అదే నేర్పేవారు. మొదటిరోజు నవత అనే పదో తరగతి పిల్ల ఆ సంగతే పుల్ల విరిచినట్టు చెప్పింది.

"ముందుకొస్తే పని పోతది సార్. మా అమ్మ గట్లనే చెప్తది."

వాళ్లమ్మ భూలక్ష్మి మావాడికి బాగా తెలుసు. వెనక్కి జరుగమ్మా, మొహం పడుతోంది అని మైకులో ఆమెను ఎన్నోసార్లు అదిలించినవాడు వాడే.

అందుకని వాడు ఎవరినీ ముందుకు రమ్మనలేదు. వెనక నిలబడి నడిపించే పనులు పెట్టాడు. మొదటి శనివారం ఒక ఇరుకు సందులో ఇరవై మంది ఇటునుంచి, ఇరవై మంది అటునుంచి ఒకరికొకరు తగలకుండా నడవాలి. ఎవరు ఎప్పుడు కదలాలో ఒకరు వెనక నుంచే చెప్పాలి. తర్వాతి వారాల్లో, మాట విననివాణ్ణి ఎలా ఒప్పించాలి, తప్పు మనదైతే ఎలా చెప్పాలి. అన్నీ ఒక పొడుగాటి నోట్‌బుక్కులో రాశాడు. నేను చదివాను. మేమిద్దరం కలిసి రాసుకున్న కథలన్నిటికంటే బాగుంది, నాకు కాస్త కుళ్లు కూడా పుట్టింది.

ఐదో శనివారం నిజమైన పని పెట్టాడు. శనివారం శనివారం నాలుగింటికి బస్తీకి నీళ్ల ట్యాంకర్ వచ్చేది. అది వస్తే జుట్లూ జుట్లూ పట్టుకోవడమే. ఆ లైను పిల్లలు నడపాలి. అక్కడికి వాడు మైకు పట్టుకుని వెళ్లాడు. చేసిన తప్పు అదే. ఆరోజు మైకులో వాడు చెప్పినట్టే బిందెలు ఒకవైపు, డ్రమ్ములు ఒకవైపు, గొడవ లేకుండా అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆరో శనివారం బస్సు దొరక్క వాడు ఆలస్యంగా వెళ్లాడు. అప్పటికే ట్యాంకర్ దగ్గర కొట్లాట. పిల్లలు మాత్రం చేతులు కట్టుకుని, సార్ ఏ మలుపు నుంచి వస్తాడా అని చూస్తున్నారు. తన వంతు పోయిన కొమురమ్మ అనే ముసలామె వాళ్లను తిడుతోంది.

"మీ సారు రాకుంటే మీ చేతులు పడిపోయినయా?"

ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. "లీడర్లను తయారు చేస్తున్నానని అనుకున్నానురా. మంచి జూనియర్ ఆర్టిస్టుల్ని తయారు చేశాను," అన్నాడు.

ఏడో శనివారం వాడు పిల్లలతో ఒకే మాట చెప్పాడు, వచ్చేవారం నేను రాను అని. వచ్చేవారం అంటే కంపెనీ పెద్దలు వచ్చే రోజు. మీరు లేకపోతే వాళ్లు ఏం చూస్తారండీ అని తబిత బతిమాలింది. కోరి కొరివితో తల గోక్కోకురా, ఓ మూల నిలబడు అని నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. నేను కనిపిస్తే చాలు, నలభై తలలూ నా వైపే తిరుగుతాయి అన్నాడు.

ఆ రోజు ఇద్దరం షేక్‌పేటలో ఒక హోటల్లో కూర్చుని తలా నాలుగు చాయ్‌లు తాగాం. అక్కడ జరిగింది తర్వాత తబిత చెప్పింది. ట్యాంకర్ సగమే నీళ్లతో వచ్చింది. పిల్లలు ఓ పక్కకు వెళ్లి మాట్లాడుకుని, ఇంటికి రెండు బిందెలు, ఈరోజు డ్రమ్ములు లేవు అన్నారు. డ్రమ్ముల వాళ్లు మీదికొచ్చారు. అప్పుడు నవత వెళ్లి మొదట వాళ్లమ్మ డ్రమ్మునే లైనులోంచి దొర్లించింది. భూలక్ష్మి నోరెత్తలేదు. ఆమె నోరెత్తకపోయేసరికి మిగతావాళ్లూ తగ్గారు. కంపెనీ పెద్దలు పావుగంట నిలబడి, ట్రైనర్ ఎక్కడని రెండుసార్లు అడిగి, కారెక్కి వెళ్లిపోయారు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. శిక్షకుడు గైర్హాజరు, శిక్షణ ఏదీ కనిపించలేదు, కార్యక్రమం ఇంతటితో సరి. అట్టా లేదు, పేరూ లేదు.

వాడేమీ మహాత్ముడు కాడు. రెండ్రోజులు మంచం దిగలేదు. మూడోరోజు నన్ను వెంటబెట్టుకుని బస్తీకి వెళ్లి, సార్ కావాలనే రాలేదని, అదీ పాఠమేనని మీరందరూ కంపెనీకి ఒక ఉత్తరం రాయండి అని నవతను అడిగాడు. ఆ పిల్ల ఒక రోజు గడువు అడిగింది. మర్నాడు మళ్లీ వెళ్లాం. పాఠాలు జరిగిన బస్తీ హాలు అరుగు మీద నలభై మందీ ఉన్నారు.

"అందరం మాట్లాడుకున్నం సార్. రాయొద్దనుకున్నం," అంది నవత. "రాస్తే మిమ్మల్ని మళ్ల పంపిస్తరు. మీరొస్తే మేం మళ్ల మీ దిక్కే చూస్తం. ట్యాంకర్ కాడ లైను ఇప్పుడు మంచిగ నడుస్తుంది. మీరు జర రాకుండ్రి."

చెప్పి తల దించుకుంది. నాకు ఆ పిల్లను నాలుగు దులపాలన్నంత కోపమొచ్చింది. ఆనందకుమార్ మాత్రం సరేనమ్మా అని, నా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కొచ్చాడు.

"ఇన్నేళ్లూ నేనేం చెబితే జనం అది చేశారురా. మొదటిసారి కాదన్నది వీళ్లే," అని నవ్వబోయాడు, నవ్వలేక ఏడ్చాడు. కోపం పోక ముందే నాకూ ఏడుపొచ్చింది.