మామా స్కేట్లకు నా పాదాలు

ఈ అరబ్బు దేశంలో, సల్వా అనే పేటలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు నలభై మూడో ఏట ఐస్ హాకీ ఆడాలని నిశ్చయించుకుంది. ఇక్కడ ఇళ్లలో పనిచేసే మేమంతా ఇంటావిడను మామా అంటాం. నాకంటే రెండేళ్లు చిన్నదైనా ఈమె నాకు మామాయే. మంచు మీద ఆమెకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఆమె ఆడబిడ్డ ఆడవాళ్ల జట్టులో చేరి, హెల్మెట్ చంకలో పెట్టుకుని దిగిన ఫొటో బంధువులందరికీ పంపింది. ఆ ఫొటోను మామా మూడు రోజులపాటు వేళ్లతో పెద్దది చేసి చూసింది. నాలుగో రోజు డ్రైవరును కారు తీయమంది. సామాను మోయడానికి నన్నూ ఎక్కమంది.

హాకీ ఆడే మంచు రింకు పక్కనే ఆట సామాను అమ్మే షాపు. కాలు కొలిచి స్కేట్లు తొడిగే మనిషిది రాయచోటి. మాది అక్కడికి పది మైళ్లు. నేను డ్రైవరుతో ఫోన్‌లో తెలుగులో రెండు ముక్కలు మాట్లాడగానే అతను తల ఎత్తి, ఏ ఊరక్కా అన్నాడు. మామా వెంటనే గొంతు సవరించుకుంది. ఆమె ఎదురుగా మేము తెలుగు మాట్లాడుకుంటే తన గురించే అనుకుంటుంది. చాలాసార్లు అది నిజమే.

అతను అరబ్బీలో ఓపికగా చెప్పాడు. స్కేటు మామూలు బూటుకంటే ఒక సైజు తక్కువ ఉండాలి, నిటారుగా నిలబడితే వేళ్లు ముందుభాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే మడమ వెనక్కి వెళ్లి గట్టిగా కూర్చోవాలి. మామా అంతా విని, ఇంత ఖర్చు పెట్టి ఇరుకు కొనుక్కోవడానికి నాకేమైనా పిచ్చా అని అడిగి, తన చెప్పుల సైజే తీసుకుంది. హెల్మెట్ బిగుతుగా ఉంటే జుట్టు అణిగిపోతుందని ఒక సైజు పెద్దది తీసుకుంది. ఆమె తల కుడికి తిప్పితే ఆ హెల్మెట్ కాసేపు ఆలోచించి తిరిగేది. భుజాల మీది మెత్తలు తనను మోటుగా చూపిస్తున్నాయని వాటిని మాత్రం చిన్నవి తీసుకుంది. కర్ర స్కేట్ల మీద నిలబడినప్పుడు గడ్డం దాకా వస్తే చాలని అతను అన్నా, ఫొటోలో ఆడబిడ్డ కర్ర పొడుగ్గా ఉందని నుదుటిదాకా వచ్చేది ఎంచుకుంది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. అన్నీ ఊదారంగు. ఆ ఒక్క విషయంలో ఎక్కడా పొరపాటు జరగలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె మంచు మీదికి దిగింది. పెద్ద సైజు స్కేట్లలో పాదాలు ఈదుతుంటే చీలమండలు రెండూ లోపలికి వాలిపోయాయి. రింకు చుట్టూ ఉన్న గోడకు రెండు చేతులూ ఆనించి, సున్నం వేస్తున్న మనిషిలా సగం చుట్టు తిరిగింది. మొదటిసారి పడినప్పుడు హెల్మెట్ కళ్ల మీదికి జారింది. రెండోసారి పొడుగు కర్ర కాళ్ల మధ్య ఇరుక్కుంది. ఆడబిడ్డ ఆమె చుట్టూ వెనక్కి వెనక్కి జారుతూ కుశలమడిగింది.

మర్నాడు మళ్లీ షాపుకు వెళ్లాం. అతను హెల్మెట్ మార్చాడు, కర్రను పై నుంచి జానెడు కోసేశాడు, ఒక సైజు తక్కువ స్కేట్లు తెచ్చాడు. వాటిని ఓవెన్‌లో కాసేపు వేడి చేస్తారట. మెత్తబడ్డాక కాలికి తొడిగి, తాళ్లు బిగించి, పావుగంట కదలకుండా కూర్చుంటే పాదం ఎలా ఉంటే అలా కుదురుకుంటాయట. కాస్త వేడిగా, బాగా బిగుతుగా ఉంటుందని అతను నిజాయితీగా చెప్పాడు. ఆ నిజాయితీయే కొంప ముంచింది. మామా నా వైపు తిరిగింది.

మా ఇద్దరి పాదాల సైజు ఒకటే. ఆమె విసుగొచ్చి వదిలేసిన చెప్పులు ఆరేళ్లుగా నేనే తొడుక్కుంటున్నాను కాబట్టి ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఖలాస్, ఇక మాటల్లేవు, నువ్వు కూర్చో, కాస్త అలవాటు చేసి ఇవ్వు అంది. మా ఇద్దరి మధ్య నడిచే, సగం అరబ్బీ సగం హిందీ భాషలో అది అభ్యర్థనలాగే వినబడుతుంది.

అతను నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల ఎత్తకుండా తెలుగులో అన్నాడు. "ఇది చెప్పు కాదక్కా, అచ్చు. నీ కాలు పెడితే నీ కాలే దిగుతాది. ఆమెకు పనికిరాదు."

"ఆ మాట ఆమెతోనే చెప్పు."

"రెండుసార్లు చెప్పినా. మూడోసారి చెప్తే మా మేనేజరుకు ఫోన్ పోతాది."

నేను చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమెకు తగిన శాస్తి జరగాలని కాదు అని రాస్తే బాగుంటుంది గానీ, అది పూర్తిగా నిజం కాదు.

నా ఎడమ పాదం పక్కన, చిటికెన వేలి కింద, ఒక ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది. పెళ్లికి ముందు వేరుశనగ మూట పడి విరిగితే సరిగా అతుక్కోలేదు. వెచ్చటి స్కేటు ఆ ఎముకను కూడా ఎంతో మర్యాదగా తనలోకి తీసుకుంది. అతను తాళ్లు బిగించి, పావుగంట లేవకూడదు అన్నాడు. అంతలో మామా కాఫీ తెమ్మంది. నేను అలవాటుకొద్దీ లేవబోతే అతను నా మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపి, లేస్తే స్కేటు పాడవుతుందని ఆమెకు అరబ్బీలో చెప్పాడు. మామా కాసేపు నన్నూ, నా కాళ్లకున్న తన వస్తువునూ చూసి, లేచి వెళ్లి కాఫీ తానే తెచ్చుకుంది. నాకు తేలేదు. అయినా ఆ పావుగంట నేను రాణిలా కూర్చున్నాను.

తరువాతి శుక్రవారం మామా పది నిమిషాలకే కుంటుతూ బయటికొచ్చింది. ఎడమ వైపు ఖాళీ, కుడి వైపు నొక్కుడు, మడమ మీద బొబ్బ. జట్టుకు నేర్పే ఆవిడ తెల్లావిడ. స్కేటును చేతిలోకి తీసుకుని లోపల వేలితో తడిమి, ఈ పాదం ఎవరిది అని అడిగింది. మామా నన్ను చూపించింది. బెంచీ మీదున్న ఆడవాళ్లందరూ నవ్వారు. అయితే ఆ పాదాలనే ఆడనివ్వు అంది ఆడబిడ్డ, హెల్మెట్ ముందున్న ఇనుప జాలీ వెనక నుంచి.

మామా ముఖం ఎర్రబడింది. లోపం వస్తువులో ఉందా తనలో ఉందా తేలాలి కదా, నన్ను ఆ స్కేట్లు వేసుకుని దిగమంది. పనిబట్టల మీదే మామా హెల్మెట్ పెట్టుకుని దిగాను. చీలమండలు వాలలేదు. పాదం ఎక్కడా నొప్పి లేదు. పుట్టి బుద్ధెరిగాక నా కాలికి సరిగ్గా సరిపోయినవి అవే. గోడ వదిలి నాలుగు గజాలు జారాను. ఆగడం ఎలాగో ఎవరూ చెప్పలేదు కాబట్టి అవతలి గోడే ఆపింది. తుంటి మీద పడ్డాను. తెల్లావిడ చప్పట్లు కొట్టింది. మామా కొట్టలేదు.

మర్నాడు షాపులో అదే స్కేట్లు మళ్లీ ఓవెన్‌లోకి వెళ్లాయి. ఈసారి మామాయే కూర్చుంది. వేడి అని మూలిగింది, బిగుతు అని తిట్టింది, ఎంతసేపని నాలుగుసార్లు అడిగింది. రాయచోటి అన్న తాళ్లు పక్కకు లాగి బిగిస్తూ తలొంచుకుని నవ్వుకున్నాడు. ఈసారి ఆమె అడగకముందే కాఫీ తెచ్చాను. ఆ పదిహేను నిమిషాల్లో నా పాదం కరిగిపోయి ఆమె పాదం దిగింది.

ఆ వారం ఆమె గోడ పట్టుకోకుండా ఒక చుట్టు తిరిగింది. ఇంటికి వెళ్లేటప్పుడు కారులో హఠాత్తుగా నా వైపు తిరిగి, "నువ్వు ఆ రోజు పడ్డావు కదా, నొప్పి పుట్టిందా?" అని అడిగింది. ఆరేళ్లలో అలాంటి ప్రశ్న అదే మొదలు.

"లేదు మామా."

నిజానికి మూడు రోజులు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. నొప్పి లేదనగానే ఆమె తేలిగ్గా ఊపిరి వదిలి, అయితే వచ్చే శుక్రవారం నుంచి నువ్వూ దిగు, పడకుండా నా చెయ్యి పట్టుకో అంది.

ఇప్పుడు నాలుగు నెలలైంది. ఆడబిడ్డ హాకీ మానేసి టెన్నిస్ లాంటి పాడెల్ ఆటలో చేరింది, కొత్త బ్యాటుతో ఫొటో పంపింది. మామా మాత్రం మానలేదు. డిఫెన్స్ ఆడుతుంది, మనుషుల్ని గోడకు ఒత్తేస్తుంది, అందులో ఆమెకు సహజంగానే నేర్పు ఉంది. నేను రింకువాళ్లు అద్దెకిచ్చే స్కేట్లు వేసుకుంటాను. అవి ఎవరి కాలికీ సరిపోవు. ఆట మొదలయ్యే ముందు పది నిమిషాలు ఆమె చెయ్యి పట్టుకుని తిప్పుతాను. ఆమె వదలమన్నాక ఇంకో రెండు చుట్లు నా కోసం తిరుగుతాను. దానికి ఆమె ఇంతవరకూ ఏమీ అనలేదు.