అష్షూరు రాజు రాయని మాట

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీకు నా పేరు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త సులువు. పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి బతికే నేను, ఒకప్పుడు ఒక మనిషి చేత అబద్ధపు చరిత్ర రాయించాను. అదీ నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి చేత.

ఆయన మా పెద్దనాన్న. కోలారు బంగారు గనుల దగ్గర ఆండర్సన్‌పేటలో ఉండేవాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గని మూసేసినప్పుడు, ఇరవై ఏళ్లు ఆయనతో కలిసి దిగిన అరుళ్ మామ ఎక్కడో వెతికి ఒక తెలుగు బైబిలు తెచ్చి గుర్తుగా ఇచ్చాడు. పెద్దనాన్న పొద్దున్నే వెంకటరమణస్వామికి దీపం పెట్టి, కాఫీ తాగి, ఆ బైబిలు ముందేసుకునేవాడు. అందులో దండయాత్రలంటే పిచ్చి. పొడవాటి నోటుబుక్కులో ఎడమ పేజీలో బైబిలు చెప్పింది, కుడి పేజీలో చరిత్ర చెప్పింది రాసేవాడు. రెండూ కలిస్తేనే ఎర్ర సిరాతో టిక్కు.

"దేవుడెవరైతే ఏమిమ్మా, దండెత్తినోడు వచ్చినాడా లేదా, అది తేలాల" అనేవాడు. ఎంత ముద్దొచ్చేవాడో!

సన్హెరీబు దగ్గర ఆగిపోయాడు. ఆ అష్షూరు రాజు యెరూషలేము మీదికి వస్తే, దేవదూత ఒక్క రాత్రిలో సైన్యాన్ని చంపేశాడని, రాజు వెనక్కి పోయాడని బైబిల్లో ఉంది. మరి ఆ రాజు తన వైపు ఏం రాసుకున్నాడు? కోలారు కాలేజీలో చదువుతున్న నన్ను లైబ్రరీలో చూసి రమ్మన్నాడు. మూడు వారాలు అడిగాడు. మూడు వారాలూ నేను స్నేహితురాళ్లతో సినిమాలకు పోయాను. నాలుగో వారం బస్సు దిగీ దిగగానే, "ఆ రాజు కూడా అదే రాసుకున్నాడు పెద్దనాయనా, సైన్యమంతా ఒక్క రాత్రిలో పోయిందని" అనేశాను. నోటికి ఎట్లా వచ్చిందో!

ఆయన ముఖం చూడాలి మీరు. టిక్కు పెట్టి, వీధంతా చెప్పుకొచ్చాడు.

క్రిస్మస్ నాడు అరుళ్ మామ ఇంట్లోనూ చెప్పాడు. అక్కడికొచ్చిన ఒక చరిత్ర మాస్టారు, "ఆ రాజు రాతలు నేను చదివినాను, అట్లాంటి మాట యాడా లేదే. ఏ పుస్తకంలో చూసినారు?" అన్నాడు. నా చేతిలో కేకు ముక్క. పెద్దనాన్న నా వైపు ఒక్కసారి చూశాడు.

"నేనే తప్పు చదివినాను సార్. కండ్లు సరిగ్గా ఆనడం లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భయమా? సిగ్గా? ఇప్పటికీ తేల్చుకోలేను, కానీ నవ్వాను.

తిరిగొచ్చే దారిలో ఆయన నా కోసం కాగితంలో కట్టించుకొచ్చిన కేకు చేతిలో పెట్టి, "తినమ్మా, నీకిష్టం గదా" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నోటుబుక్కు అటక మీదికి పోయింది.

అసలు సంగతి చాలా రోజులకు చదివాను. సన్హెరీబు ఊళ్లు పట్టుకున్నానని, యెరూషలేములో దాని రాజును కదలకుండా దిగ్బంధించానని మట్టిదిమ్మ మీద గొప్పగా రాయించుకున్నాడు. నగరాన్ని పట్టుకున్నానని మాత్రం లేదు. సైన్యం చావు ఊసే లేదు. పెద్దనాన్న వింటే ఎగిరి గంతేసేవాడు! గని రిపోర్టులో ఎన్ని అడుగులు తవ్వారో రాస్తారు, ఎక్కడ వెనక్కి తిరిగారో రాయరు అని నాకు చెప్పింది ఆయనే. ఈ నిజం చెబితే ఆ అబద్ధం కూడా ఒప్పుకోవాలి. అందుకే చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.

మొన్న పెద్దమ్మ ఆ నోటుబుక్కు నాకిచ్చింది. సన్హెరీబు దగ్గర టిక్కు మీద అడ్డగీత ఉంది. కింద ఆయన చేతిరాత: "కండ్లు ఆనక నేనే తప్పు చదివినాను." తెలిసి నిజం కాని మాట ఒక్కటీ రాయని ఆ పుస్తకంలో, ఎవరూ చూడని చోట కూడా నన్ను కాపాడాడు మహానుభావుడు. ఏడ్చాను.

ఈ పొద్దున దాని కింద నేను ఇట్లా రాశాను: "ఆయన తప్పు చదవలేదు, నేనే అబద్ధం చెప్పాను. నేను లైబ్రరీకి పోలేదు." ఆ తర్వాత రాజు ఏం రాసుకున్నాడో, ఏం రాయలేదో రాశాను. ఎర్ర సిరా పెన్ను పక్కనే ఉంది. టిక్కు పెట్టాల్సింది ఆయన. నేను పెట్టలేదు.