తేనెటీగలకు చెప్పాల్సిన మాట

బీడులో ముళ్లపొదలు కొట్టి ఊరి పొయ్యిలకు అమ్మే ఓబెడ్ ట్రెంచ్‌కు ఈమధ్య విషాదం పట్టుకుంది. కిందటేడు ఇంగ్లండులోని వాళ్ల డోర్సెట్ పల్లెలో బస చేసిన నవలాకారుడు, అచ్చం అతనిలాగే వంకర ముక్కుతో, భుజాన కొడవలితో తిరిగే ఒకణ్ణి పుస్తకంలో పెట్టి, ప్రేమ కోసం ఏట్లో ముంచేశాడు. పాదిరీగారమ్మాయి చదివి వినిపిస్తే ఊరంతా ముక్కులు చీదింది. అప్పట్నుంచీ ఓబెడ్ పొద్దుగూకేవేళ మిట్టెక్కి, గాలికి కోటు ఎగరేస్తూ నిలబడతాడు. నడుం పట్టేసినా దిగడు. విధివంచితుడు నడుం పట్టుకుంటే ఏం బాగుంటుందని తనలో తానే నవ్వుకుంటాడు గానీ, మర్నాడు మళ్లీ ఎక్కుతాడు.

ఒక సాయంత్రం చినుకులు పడి తొందరగా దిగొచ్చేసరికి, పెరట్లో భార్య కెజాయా ఇంటి తాళంచెవితో తేనెటీగల బుట్టలను మెల్లగా తడుతోంది. ఇంటి యజమాని పోతే ఆ కబురు అలా తట్టి చెప్పాలి; చెప్పకపోతే ఈగలు ఇల్లు వదిలిపోతాయని ఆ ఊరి నమ్మకం. ఓబెడ్ గోడ పక్కనే ఆగిపోయాడు.

"ఊళ్లోవాళ్ల మాటలు నమ్మకండమ్మా," అంటోంది కెజాయా ఈగలతో. "పోయింది పుస్తకంలోవాడు. మావాడు మిట్ట మీద వేషాలేస్తున్నాడు, ఆకలేస్తే వస్తాడు. నిజంగానే పోతే, మీకొచ్చి చెప్పే ఓపిక నాకెక్కడిది?"

ఓబెడ్ ముందుకొచ్చి, టోపీ తీసి, బుట్టల ముందు తలవంచాడు. "నిజమే. బతికే ఉన్నాను," అన్నాడు.

కెజాయా గబగబా కళ్లు తుడుచుకుంది. "టోపీ పెట్టుకోవయ్యా! ఆ మొహం చూస్తే నిజంగానే పోయావనుకుంటాయి."