అయస్కాంతానికి తొలి కరెంటు

సూర్యుడిలోలాగా పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే యంత్రం కొరియాలోని మా దేజాన్ ప్రయోగశాలలో ఉంది. దాని అయస్కాంతాలకు కొత్త విద్యుత్ సరఫరాను పరీక్షించి కలిపే బాధ్యత ప్యో మిరాన్ అక్కది. నాది ఆమె పక్క కుర్చీ. భరించలేని చలిలో ఉంచిన అయస్కాంతపు తీగచుట్టలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. ఒక్కచోట వేడెక్కినా చుట్ట మొత్తం కాలిపోవచ్చు. అందుకే అక్క చేతి కింద ఎర్ర మీట. నొక్కితే స్విచ్చి తెరుచుకుని చుట్టలోని కరెంటు బయటికి పోతుంది.

ముందు మామూలు రాగి చుట్టతో చూశాం, అంతా సవ్యంగా ఉంది. అసలు చుట్టకు కలిపిన రోజే తెరమీద వోల్టేజి గీత ఎగిరింది, చుట్ట వేడెక్కుతుంటే అలాగే ఎగురుతుంది. అక్క మీట నొక్కింది. స్విచ్చి తెరుచుకున్న చప్పుడుకు నా బార్లీ టీ ఒలికిపోయింది. తీరా చూస్తే చుట్టకు ఏమీ కాలేదు. కొలిచే సన్నతీగ పెద్ద కేబుల్ పక్కనే వెళ్తోంది, దాని అలజడే గీతలో పడింది. కరెంటు ఒక్కసారిగా దిగడంతో కాస్త వేడెక్కిన చుట్టను మళ్లీ చల్లబరచేదాకా పని ఆగింది.

"ఏమ్మా మిరాన్, పిల్లిని చూసి పులి అన్నావా?" అన్నాడు మా బృందం పెద్ద గిల్హో.

"నిజంగా కాలిపోయుంటే ఎవర్ని తిట్టేవారు సార్?"

"నిన్నే!"

అక్క నవ్వలేదు. సన్నతీగను దూరంగా వేయించింది. "నా చెయ్యి మీదే నాకు నమ్మకం పోయిందే," అంది నాతో. "ఊరికే నొక్కేస్తానో, నొక్కాల్సినప్పుడు బిగుసుకుపోతానో."

రెండోసారి కరెంటు ఎక్కించాం. మొన్న ఆగిన చోటు దాటింది. ఇంకాస్త పైకి వెళ్లాక గీత మళ్లీ లేచింది.

"అక్కా!" అన్నాను.

"ఆగు. అది అలాగే నిలిస్తే స్విచ్చి దానంతటదే తెరుచుకోవాలి."

తెరుచుకోకపోతే? ఆ స్విచ్చీ కొత్తదే. అక్క మెడ మీద చెమట కారుతోంది. వేళ్లు మీటను తాకుతున్నాయి, నొక్కడం లేదు.

గీత పడిపోయింది. అయస్కాంత బలానికి తీగలు కాస్త సర్దుకున్నాయి, అంతే. ఆ రోజుకు అనుకున్నంతా ఎక్కించి, నిలిపి, మెల్లగా దించాం. సున్నా కనిపించాకే అక్క చెయ్యి తీసింది.

క్యాంటీన్‌లో మొలకల సూప్ ముందు కూర్చుని ఆమె స్పూను అందుకుంది. గిల్హో తన కిమ్చీ పచ్చడి ఆమె వైపు జరిపాడు.

"తినమ్మా. బాగా చేశావు. రేపు దీనికి రెట్టింపు ఎక్కించాలి."

"ఆ మాట తిన్నాక చెప్పొచ్చుగా సార్!" అంటూ అక్క స్పూను కింద పెట్టేసింది.